హార్డ్ డిస్క్ రిపేరు సర్వీసులు: దేనికి డబ్బు పెట్టొచ్చు, ఎక్కడ కొత్తది కొనుక్కోవడమే మేలు

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో గానీ, ఊళ్లో కంప్యూటర్ షాపులో గానీ పోయిన హార్డ్ డిస్క్‌ని కౌంటర్ మీద పెడితే, పని తెలిసినవాడు ముందు అడిగేది ఒకటే: "డేటా కావాలా సార్?" కంపెనీ ఏది, ఎన్ని టీబీ, కొని ఎన్నాళ్లయింది అన్నవన్నీ ఆ తర్వాతే. ఆ మాట అడక్కుండానే "పెట్టి వెళ్లండి, సాయంత్రానికి చేసేస్తాం" అన్నారంటే డిస్క్ తిరిగి జేబులో వేసుకుని బయటికి రావడం మంచిది.

మిక్సీకి బుష్ మారిస్తే ఇంకో ఐదేళ్లు తిరుగుతుంది. ఫ్యానుకి కెపాసిటర్ వేస్తే కొత్తదానిలా అవుతుంది. హార్డ్ డిస్క్ రిపేరుకి ఆ అర్థం లేదు. లోపల డేటా చదివే హెడ్లు మార్చినా, కింద ఉండే సర్క్యూట్ బోర్డు బాగుచేసినా, లోపలున్న ఫైళ్లు ఒక్కసారి బయటికి వచ్చేదాకా అది నడిస్తే చాలు. ఆ తర్వాత దాన్ని నమ్మి మళ్లీ ఏదీ దాచుకోలేం. అంటే డేటా కావాల్సినవాళ్లూ, అక్కర్లేనివాళ్లూ ఇద్దరూ కొత్త డ్రైవ్ కొనక తప్పదు. తేల్చుకోవాల్సింది పాతదాని మీద ఇంకెంత పెట్టాలన్నదే. "రిపేరు" పేరుతో మార్కెట్లో దొరికే పనులను ఆ లెక్కలోనే చూద్దాం.

పైసా ఖర్చు లేనివి

పోయిందనుకున్న వాటిలో అసలు పోనివి కొన్ని ఉంటాయి. పోర్టబుల్ డిస్క్‌లకుండే వెడల్పాటి మైక్రో-బి సాకెట్ ఏళ్ల తరబడి పీకి పెట్టేసరికి వదులైపోతుంది. వేరే కేబుల్ వేసి, డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ వెనకవైపు పోర్టులో పెట్టి చూడండి. ముందువైపు పోర్టులకు లోపల ఇంకో వైరు ఉంటుంది, అక్కడ కరెంటు కొంత తగ్గుతుంది.

3.5 అంగుళాల ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి విడిగా 12 వోల్టుల అడాప్టర్ వస్తుంది. అది పాతబడితే ఖాళీగా ఉన్నప్పుడు మీటర్‌లో 12 చూపిస్తుంది, మోటార్ తిరగబోయేసరికి కుంగిపోతుంది. డిస్క్ తిరగడం మొదలెట్టి, ఆగి, మళ్లీ మొదలెడుతుంటే అనుమానం ముందు అడాప్టర్ మీదికే వెళ్లాలి. ఆంపియర్లు ఎక్కువున్నది వాడొచ్చు, వోల్టులు మాత్రం 12 దాటకూడదు, పిన్ను పట్టింది కదా అని లాప్‌టాప్ అడాప్టర్ గుచ్చకూడదు.

డిస్క్ కనిపిస్తుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడండి. నాలుగే వరుసలు ముఖ్యం. 05 అంటే ఇప్పటికే పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గళ్లు). సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. సీ6 అంటే ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. సీ7 మాత్రం కేబుల్ తప్పు: సీ7 పెరుగుతూ మిగతా మూడూ సున్నా ఉంటే సాటా కేబుల్ (డిస్క్‌ని కంప్యూటర్‌కి కలిపే డేటా వైరు) మార్చండి, డిస్క్ బాగానే ఉంది. సీ7 అంకె మళ్లీ సున్నాకి రాదు, కేబుల్ మార్చాక పెరగడం ఆగితే చాలు. ఇంకో మాట: ఈ ప్రోగ్రామ్ రా వ్యాల్యూలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి వెళ్లి డెసిమల్‌కి మార్చుకోకపోతే అక్కడ 10 అని కనిపించేది నిజానికి 16. సీగేట్ డిస్క్‌ల్లో 01, 07 వరుసల ఎదురుగా కొండంత అంకె కనబడుతుంది. అది ఆ కంపెనీ లెక్కరాసే పద్ధతి. దాన్ని చూపించి "అయిపోయింది సార్" అంటే నమ్మక్కర్లేదు.

కనిపించకపోతే చెవి పెట్టి వినండి. టిక్, టిక్, టిక్ అని ఒకే తాళంలో కొట్టుకుంటుంటే హెడ్లు ప్లాటర్ (డేటా ఉండే గుండ్రటి పళ్లెం) మీద దారి గుర్తుల్ని చదవలేకపోతున్నాయి. లాప్‌టాప్ సైజు డిస్క్ సన్నగా బీప్‌మంటుంటే హెడ్లు ప్లాటర్‌కి అతుక్కున్నాయి, లేదా మోటార్ బిగుసుకుంది. గీరుతున్న శబ్దం వస్తే వెంటనే కరెంటు తీసేయండి, ఇంకోసారి పెట్టకండి. ఏ చప్పుడూ లేకుండా చల్లగా పడుందంటే, వినడానికి వింతగా ఉన్నా, అన్నిట్లోకీ ఆశ ఉన్న కేసు అదే.

బోర్డు పని: ఇచ్చిన డబ్బుకి న్యాయం చేసేది

చప్పుడే లేని 3.5 అంగుళాల డిస్క్‌ల్లో తరచుగా దొరికే తప్పు కరెంటు కనెక్టర్ పక్కనే ఉండే టీవీఎస్ డయోడ్. సాధారణంగా రెండుంటాయి, 5 వోల్టుల లైనుకొకటి, 12కొకటి. ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు తాను షార్టయి మిగతా బోర్డును కాపాడటమే దాని పని. లాప్‌టాప్ అడాప్టర్ గుచ్చినప్పుడు బలయ్యేది ఇదే. బోర్డుకి కరెంటు లేకుండా మల్టీమీటర్‌తో రెండు చివర్లా పెడితే సున్నాకి దగ్గరగా చూపించి బీప్‌మంటుంది. దాన్ని తీసేస్తే చాలాసార్లు డిస్క్ లేచి కూర్చుంటుంది. సోల్డరింగ్ తెలిసిన ఏ మొబైల్ మెకానికైనా ఐదు నిమిషాల్లో చేసే పని, అడిగేది కొన్ని వందలే. అయితే ఆ తర్వాత డిస్క్‌కి రక్షణ లేదు. సరైన అడాప్టర్‌తో ఒక్కసారి పెట్టి, మొత్తం కాపీ చేసుకుని పక్కన పడేయాలి. డయోడ్ తీసినా లేవకపోతే దెబ్బ మోటార్ నడిపే చిప్ దాకా వెళ్లిందన్నమాట.

అప్పుడు షాపులో వినిపించే మాట "బోర్డు మార్చేద్దాం". ఇక్కడ జాగ్రత్త. ఒకే మోడల్ డిస్క్‌లైనా హెడ్లు, ప్లాటర్ల తీరు దేనికది వేరు. ఆ సర్దుబాటు లెక్కలు బోర్డు మీద రోమ్ చిప్‌లో ఉంటాయి: ఎనిమిది కాళ్ల చిన్న చిప్, మీద 25 అంకెతో నంబరు. పాత బోర్డు నుంచి అది తీసి కొత్త బోర్డుకి అతికిస్తేనే డిస్క్ పలుకుతుంది. కొన్ని డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) బోర్డుల్లో ఆ చిప్ విడిగా ఉండదు, డిస్క్‌ని నడిపే పెద్ద కంట్రోలర్ చిప్‌లోనే కలిసి ఉంటుంది. వాటికి లోపలి సమాచారాన్ని ప్రోగ్రామర్‌తో ఎత్తి వేరే బోర్డుకి ఎక్కించాలి. "రోమ్ మారుస్తారా?" అని అడిగినప్పుడు మెకానిక్ తెల్లమొహం వేస్తే ఆ బోర్డు పని అక్కడ వద్దు.

డబ్ల్యూడీ మై పాస్‌పోర్ట్ వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. వాటిలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, లోపల సాటా కనెక్టర్ ఉండదు. పైగా చాలా మోడళ్లు మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా డేటాను లోలోపల ఎన్‌క్రిప్ట్ చేసే (తాళం వేసిన సంకేతాలుగా మార్చే) రాస్తాయి. సాటా బోర్డు తగిలించి చదివితే అంతా చిందరవందరగా కనిపిస్తుంది, పాత బోర్డు పారేశారంటే తాళంచెవి పారేసినట్టే. సీగేట్ పోర్టబుల్స్‌లో చాలావాటికి ఈ బాధ లేదు: పైనున్న చిన్న యూఎస్‌బీ బోర్డు ఊడదీస్తే లోపల మామూలు సాటా డిస్క్. సాకెట్ విరిగిపోతే సీగేట్‌కి పది నిమిషాల పని, డబ్ల్యూడీకి చేయి తిరిగిన సోల్డరింగ్ పని. కొనేటప్పుడు డబ్బా మీద ఈ సంగతి ఎవరూ రాయరు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో డిస్క్‌ల బోర్డు అడుగున హెడ్ల కనెక్టర్ తాకే రాగి మచ్చలు నల్లబడతాయి. బోర్డు స్క్రూలు విప్పి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బిగిస్తే కొన్ని డిస్క్‌లు మళ్లీ పలుకుతాయి. మూత మాత్రం తీయకూడదు. బోర్డు బయటి భాగం. మూత విప్పితే లోపలి లోకం.

"బ్యాడ్ సెక్టార్ రిమూవల్": వద్దు

మార్కెట్లో అన్నిటికన్నా చవకగా దొరికేదీ, అన్నిటికన్నా ఎక్కువ డేటాను మింగేదీ ఈ సర్వీసే. చేసేదేంటంటే డిస్క్ మొత్తం మీద సున్నాలు రాయడం, లేదా పాడైన చోటే పదే పదే చదివించడం. సున్నాలు రాస్తే పాత డేటా పోతుంది, పాడైన సెక్టార్లు స్పేర్ జాగాకి మారి "హెల్త్ బాగుంది" అని చూపిస్తుంది. పాడైన పొర అక్కడే ఉంది, గుడ్డ కప్పారంతే. 2007లో గూగుల్ తన డేటా సెంటర్లలోని డిస్క్‌ల మీద ప్రచురించిన పరిశోధనలో, మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనను తాను పరీక్షించుకునేటప్పుడు దొరికే తప్పు) కనిపించిన డిస్క్‌లు ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం ఎర్రర్ లేనివాటికన్నా 39 రెట్లని తేలింది. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది: పోయిన డిస్క్‌ల్లో 56 శాతానికి పైగా ఏ ముఖ్యమైన స్మార్ట్ హెచ్చరికా చూపించకుండానే పోయాయి. స్మార్ట్ ఎర్ర జెండా ఎత్తితే నమ్మండి. పచ్చ జెండా చూపిస్తే మాత్రం మరీ నమ్మకండి.

ఒక్క మినహాయింపు ఇవ్వొచ్చు. రాస్తుండగా కరెంటు పోతే సెక్టార్ సగం రాసి ఆగిపోతుంది, సీ5లో నాలుగైదు చేరతాయి. డేటా కాపీ చేసుకున్నాక డిస్క్ అంతా ఒకసారి రాయించి చూస్తే సీ5 సున్నాకి వచ్చి, 05 కూడా సున్నాగానే ఉంటే తప్పు కరెంటుది, డిస్క్‌ది కాదు. సినిమాలు పెట్టుకోవడానికి వాడుకోవచ్చు. 05 కొంచెం పెరిగినా కొత్తది కొనండి.

విండోస్ అడిగే "ఫార్మాట్ చేయాలి" అన్న ప్రశ్నకి ఒప్పుకోవడం, చెక్‌డిస్క్ నడపడం కూడా ఈ కోవలోవే. చెక్‌డిస్క్ చూసుకునేది ఫైల్ సిస్టమ్ శుభ్రంగా ఉందా అన్నదే, మీ ఫైళ్ల క్షేమం కాదు. పోతున్న డిస్క్ మీద నడిపితే ఫోల్డర్ల జాడ తుడిచేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా గురించి ఒక్క ముక్క: తీసిన వెంటనే లోపల చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ మీద హెడ్లు నడుస్తాయి. ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

క్లోనింగ్: నిదానంగా చేస్తే ఇంట్లోనే అయ్యేది

డిస్క్ కనిపిస్తోంది, చప్పుడు మామూలుగానే ఉంది, కానీ ఫోల్డర్ తెరిస్తే వేలాడిపోతోంది అంటే చేయాల్సింది క్లోన్, అంటే డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌కి ఎత్తడం. లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడాలి, ఉచితమే. పాత డిస్క్‌కి సమానమైన లేదా పెద్దదైన ఖాళీ డిస్క్ కావాలి. మ్యాప్ ఫైల్ (ఎంతవరకు కాపీ అయిందో రాసుకునేది) తప్పకుండా పెట్టండి, అది మూడో చోట ఉండాలి. కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. మొదటి విడతలో స్క్రేపింగ్ (చెడ్డ చోట్లను ఒక్కో సెక్టారుగా గీకడం) వద్దనే ఆప్షన్ పెట్టండి: చెడ్డ చోట్లను దాటేస్తూ తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చేస్తుంది. మిగిలిన ముక్కల కోసం రెండో విడత, మూడుసార్లకు మించని ప్రయత్నాలతో. వరుస తప్పితే, అంటే మొదటే చెడ్డ చోట తలబాదుకుంటే, బాగున్న చోట్లకి వెళ్లేసరికి హెడ్లు చచ్చిపోతాయి.

సెకనుకి 100 ఎంబీ వేగంతో 1 టీబీకి మూడు గంటలు పడుతుంది. పాడైన డిస్క్‌కి అది రోజుల్లోకి వెళ్లొచ్చు. లోపల సాటా కనెక్టర్ ఉన్నదైతే యూఎస్‌బీ డబ్బాలోంచి తీసి నేరుగా సాటాకి తగిలించండి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టండి. మధ్యలో టిక్ టిక్ మొదలైతే ఆపేయండి. ఇక అది మీ పని కాదు.

ఫైళ్లు వెతకడం క్లోన్ మీదే. డీఎమ్‌డీఈ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఒక్కో విడతకు ఒకే ఫోల్డర్ నుంచి 4,000 ఫైళ్ల దాకా తీసిస్తుంది, పేర్లతో సహా. ఫోటోరెక్ పూర్తిగా ఉచితం, కానీ పేర్లు, ఫోల్డర్లు రావు. డీటీపీ షాపులవాళ్లకి అది నరకం: పదేళ్ల అను ఫాంట్ల పేజ్‌మేకర్ ఫైళ్లు వేలకొద్దీ అంకెల పేర్లతో వచ్చిపడితే ఏ శుభలేఖ ఎవరిదో తెరిచి చూసుకోవాలి. చాలా షాపులు "డేటా రికవరీ" పేరుతో చేసేది ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే నేరుగా పాడైన డిస్క్ మీద నడపడం. "ముందు క్లోన్ తీస్తారా?" అని అడిగి, అవునంటేనే ఇవ్వండి.

ల్యాబ్: ఎవరికి గిట్టుబాటు

టిక్ టిక్ అంటున్న డిస్క్‌కి ల్యాబే దారి. నడుస్తున్నప్పుడు హెడ్లు ప్లాటర్ మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటాయి. కంటికి కనిపించని ధూళి రేణువైనా వాటికి బండరాయే. అందుకే గాలి వడకట్టే క్లీన్ బెంచ్ కావాలి, హెడ్లు తీసుకోవడానికి అదే మోడల్ కుటుంబానికి చెందిన డోనర్ డిస్క్ కావాలి, ఏస్ ల్యాబ్ వారి పీసీ-3000 లాంటి పరికరం కావాలి. సాఫ్ట్‌వేర్‌తో అయ్యే రికవరీకి కొన్ని వేలయితే, హెడ్లు మార్చే పనికి పదుల వేలు. ఖాళీ 1 టీబీ డిస్క్ ధరతో పోలిస్తే పిచ్చి ఖర్చు. ఆల్బమ్ ఇంకా ఇవ్వని పెళ్లి వీడియో ఉన్న ఫోటో స్టూడియోకి మాత్రం అది ఖర్చే కాదు.

ఇచ్చేముందు తేల్చుకోవాల్సినవి: డేటా రాకపోతే ఫీజు ఎంత, డోనర్ డిస్క్ ధర వెనక్కి ఇస్తారా, పూర్తి డబ్బు కట్టేముందు ఫైళ్ల లిస్టు చూపిస్తారా. లిస్టులో పేరుండటం వేరు, ఫైలు తెరుచుకోవడం వేరు. ముఖ్యమైన రెండు మూడు ఫైళ్లు తెరిచి చూపించమనండి. ఇంతకుముందు ఎవరైనా మూత విప్పారా అన్నది దాచకండి. ఒకసారి బయట విప్పిన డిస్క్‌ని కొన్ని ల్యాబ్‌లు తీసుకోవు, తీసుకున్నా రేటు పెంచుతాయి. 2.5 అంగుళాల డిస్క్‌ల్లో ప్లాటర్లు ఎక్కువగా గాజువే, కిందపడి పగిలితే లోపల గలగలమంటుంది. అప్పుడు ల్యాబ్‌కైనా చేసేదేమీ లేదు.

ఎస్‌ఎస్‌డీ పోతే లెక్క మారుతుంది

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు, అంతా చిప్పులే. అది చప్పుడు చేయదు, హెచ్చరించదు. నిన్న నడిచింది, ఇవాళ బయోస్‌లో లేదు. ఫైసన్ ఎస్11 కంట్రోలర్ ఉన్న చవక ఎస్‌ఎస్‌డీల్లో అసలు పేరు పోయి "సాటాఫర్మ్ ఎస్11" అని కనిపించడం బాగా తెలిసిన జబ్బు: ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్) చదవలేక కంట్రోలర్ సేఫ్ మోడ్‌లో పడిపోయింది. నెట్‌లో దొరికే టూల్‌తో ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కిస్తే డ్రైవ్ బతుకుతుంది, డేటా పోతుంది. "ఎస్‌ఎస్‌డీ రిపేరు" పేరుతో షాపులో చేసేది ఇదే. డేటా అక్కర్లేకపోయినా అలా బతికించినదాన్ని నమ్మలేం.

ఇంట్లో చేసి చూడదగ్గ పని ఒకటుంది, క్రూషియల్ కంపెనీ స్వయంగా చెప్పింది: డేటా కేబుల్ లేకుండా కరెంటు మాత్రమే ఇచ్చి 20 నిమిషాలు, తీసేసి 30 సెకన్లు, మళ్లీ 20 నిమిషాలు. ఉన్నట్టుండి కరెంటు పోయి గందరగోళంలో పడిన డ్రైవ్ కొన్నిసార్లు దీంతో తేరుకుంటుంది. తేరుకుంటే వెంటనే కాపీ తీసుకోండి.

చిప్పులు ఊడదీసి చదివేస్తామన్న మాట ఈ కాలపు ఎస్‌ఎస్‌డీలకి దాదాపుగా చెల్లదు. కంట్రోలర్ డేటాను కలగాపులగం చేసి, చాలావాటిలో ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. డిలీట్ చేసినవి ట్రిమ్ (ఈ జాగా ఖాళీ అయిందని విండోస్ డ్రైవ్‌కి చెప్పే ఆదేశం) వల్ల నిజంగానే పోతాయి. ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసే కొత్త ఎస్ఎంఆర్ హార్డ్ డిస్క్‌ల్లోనూ ట్రిమ్ వచ్చేసింది, "డిలీటయినా రికవర్ చేయొచ్చులే" అన్న పాత ధీమా వాటి మీద పనిచేయదు. విండోస్ 11 లాప్‌టాప్ అయితే ల్యాబ్‌కి ఇచ్చేముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) కీ రాసుకోండి. మీరు పెట్టకపోయినా అది ఆన్ అయి ఉండొచ్చు. కీ లేకపోతే ల్యాబ్ తీసిచ్చేది చెత్తే.

రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా ఉండేలా కొన్నిటిని కలిపి వాడటం) పెట్టుకున్న ఆఫీసులకి ఒక పాత కథ. 2019లో హెచ్‌పీఈ తన సర్వర్ల కొన్ని ఎస్‌ఎస్‌డీల గురించి హెచ్చరిక ఇచ్చింది: ఫర్మ్‌వేర్ మార్చకపోతే సరిగ్గా 32,768 గంటలు, అంటే సుమారు 3 ఏళ్ల 9 నెలలు నడిచాక చచ్చిపోతాయి, డ్రైవూ రాదు, డేటా రాదు. ఒకే రోజు బిగించిన డ్రైవ్‌లన్నీ ఒకే గంటలో పోతే రెయిడ్ ఏం కాపాడుతుంది?

కొత్తది

వారంటీ ముందు చూడండి. సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొడితే తెలుస్తుంది. మార్చి ఇచ్చేది తరచుగా రీఫర్బిష్డ్ డిస్క్, పాతది మీ డేటాతో సహా వెళ్లిపోతుంది, సీల్ చింపితే వారంటీ లేదు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ అయితే మూడేళ్ల రెస్క్యూ అనే డేటా రికవరీ సేవ ధరలోనే కలిసి ఉంటుంది. ఆ సంగతి మరిచిపోయి బయట ల్యాబ్‌కి డబ్బు కట్టకండి.

సిస్టమ్‌కి సాటా ఎస్‌ఎస్‌డీ కొంటే సామ్‌సంగ్ 870 ఈవో 1 టీబీకి ఐదేళ్ల వారంటీ, 600 టీబీ రాత పరిమితి. క్రూషియల్ బీఎక్స్500కి మూడేళ్లు, 360. ఇళ్లలో వాడకానికి ఆ రాత పరిమితి ఎవరూ దాటరు. ఈవోలో డీర్యామ్ (వేగం కోసం పెట్టే చిన్న మెమరీ) ఉండటం, బీఎక్స్‌లో లేకపోవడమే రోజూ తెలిసే తేడా. మైక్రాన్ 2025 డిసెంబరులో క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, వారంటీ సేవ కొనసాగిస్తామని చెప్పింది. ఆల్బమ్‌లు, వీడియోలు దాచడానికి ఎస్‌ఎస్‌డీ వద్దు: కరెంటు లేకుండా బీరువాలో ఏళ్లు పడుంటే, అందులోనూ మన ఎండలకి, చార్జ్ కారిపోతుంది. దాపుకి హార్డ్ డిస్కే, అదీ ఒక్కటి 4 టీబీ కన్నా 2 టీబీవి రెండు, రెండిట్లోనూ అదే డేటా.

కొన్న రోజే స్మార్ట్‌లో పవర్-ఆన్ గంటలు (డిస్క్ ఎంతసేపు నడిచిందన్న లెక్క) చూడండి. సీసీటీవీ డబ్బాల్లోంచి తీసిన డిస్క్‌లు గంటలు చెరిపి కొత్తవాటిగా వస్తుంటాయి. సీగేట్‌లో ఫార్మ్ అనే విడి లాగ్ ఉంటుంది, స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్‌తో అందులోని అసలు గంటలు చూడొచ్చు. 2025 మొదట్లో యూరప్‌లో కొత్తవని అమ్మిన వాడేసిన సీగేట్ డిస్క్‌లు దొరికిపోయింది దానివల్లే. వెయ్యి రూపాయలకి 16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ అని కనిపిస్తే అది మెమరీ కార్డు అతికించిన ప్లాస్టిక్ డబ్బా. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో నింపి చూస్తే బండారం బయటపడుతుంది.

పాతది పాత ఇనప సామాన్లవాడికి అలాగే వేయకండి. 3.5 అంగుళాలదైతే ప్లాటర్లకి అడ్డంగా రెండు మూడు డ్రిల్లు రంధ్రాలు వేస్తే సరిపోతుంది. లాప్‌టాప్ డిస్క్‌ది గాజు ప్లాటర్, డ్రిల్లు తగిలితే పేలినట్టు పగులుతుంది: మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి.